నల్ల వైరు

మినియాపొలిస్, జనవరి, మంగళవారం

ఉదయం ఆరున్నరకు కిందికి దిగేసరికి మైనస్ 21 డిగ్రీల సెల్సియస్. ఊపిరి పీలిస్తే ముక్కులోని తడి గడ్డకట్టి సూదుల్లా గుచ్చుకుంటోంది. మా ఆవిడకు ఆసుపత్రిలో ఏడింటికి డ్యూటీ. కారు తాళం తిప్పాను. ఇంజను రెండుసార్లు మూలిగింది. మూడోసారి ఆ మూలుగు కూడా లేదు, టకటకమని చప్పుడు మాత్రం వచ్చింది. ఆ చప్పుడుకు తగ్గట్టే డ్యాష్‌బోర్డు దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి.

చాలా కోపం వచ్చింది. కొత్త బ్యాటరీ వేయించి మూడు వారాలే అయింది. అప్పుడూ ఇదే జరిగింది. షాపులో పాత బ్యాటరీని పరీక్షించి, బలం లేదని చెప్పి, కొత్తది బిగించి పంపించారు. దానికి ఛార్జింగు ఎక్కుతోందా లేదా అని ఎవరూ చూడలేదు. నేనూ అడగలేదు. నిన్న రాత్రి ఇంటికి వస్తుంటే, హీటరు ఫ్యాను, వెనక అద్దం హీటరు, సీటు హీటరు అన్నీ నడుస్తున్నప్పుడు, హెడ్‌లైట్లు కాస్త మసకబారినట్టు అనిపించింది. చలికి కళ్లలో నీళ్లు తిరిగి అలా కనిపిస్తోందేమో అనుకున్నాను.

పక్క ఫ్లాటులోని పెద్దాయన మా ఆవిడను తన కారులో దింపి వస్తానన్నారు. వాళ్లు వెళ్లగానే బాబాయికి ఫోన్ చేశాను. అక్కడ విజయవాడలో సాయంత్రం ఆరు దాటింది. ఆటోనగర్‌లో లారీల ఇంజను తిప్పి లేపే సెల్ఫ్ మోటార్లూ, బ్యాటరీకి ఛార్జింగు ఎక్కించే డైనమోలూ విప్పి బిగిస్తూ ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. ఆల్టర్నేటర్‌ను ఆయన ఈరోజుకీ డైనమో అనే అంటారు. బడి సెలవుల్లో ఆ షాపులో ఒక మూల స్టూలు మీద కూర్చుని, ఆయన సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్లులో ఆసిడ్ పైకి లాగి, కంటి ఎత్తుకు పెట్టుకుని చూడటం చూసేవాడిని. వెయ్యీ రెండు వందల అరవై చూపిస్తే తల ఊపేవారు. ఆయన తల ఊపితే బ్యాటరీ బతికినట్టే.

“వోల్టులు చూసే మీటరు ఉందా? ముందు అది పెట్టు. చూడకుండా ఏదీ కొనకు,” అన్నారు.

మీటరు ఉంది. బానెట్ ఎత్తి పెట్టాను: 12.15 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 పైన చూపించాలి. 12.2 దగ్గర ఉందంటే సగమే మిగిలినట్టు. మామూలు రోజుల్లో ఆ సగంతోనూ బండి లేస్తుంది. కానీ మైనస్ 18 దగ్గర నిండు బ్యాటరీకి కూడా, 27 డిగ్రీల వెచ్చదనంలో ఉండే శక్తిలో సుమారు నలభై శాతమే మిగులుతుంది. లోపల జరిగే రసాయన చర్య అంతగా మందగిస్తుంది. పైగా ఇంజను ఆయిలు చిక్కబడి, తిప్పడానికి మామూలుకంటే ఎక్కువ బలం కావాలి. అవసరం పెరిగే వేళకే ఉన్నది తగ్గిపోతుంది. విజయవాడలో ఇందుకు తలకిందులు. అక్కడ బ్యాటరీని లోపల్లోపల తినేసేది మే నెల ఎండ.

నన్ను భయపెట్టింది మాత్రం వేరే విషయం. ఛార్జింగు దిగినకొద్దీ బ్యాటరీలోని ఆసిడ్ పలచబడి నీళ్లకు దగ్గరవుతుంది. నిండుగా ఉంటే మైనస్ 60కి కూడా గడ్డకట్టనిది, సగానికి పడితే మైనస్ 25 చుట్టుపక్కలే గడ్డకడుతుంది. ఈ రాత్రికి మైనస్ 29 అంటున్నారు. ఒకసారి గడ్డకడితే ప్లేట్లు వంగిపోతాయి, పెట్టె పగులుతుంది. అలాంటి బ్యాటరీకి పొరపాటున కూడా జంప్ పెట్టకూడదు, అంటే ఇంకో బండి బ్యాటరీ కలిపి ఇంజను లేపకూడదు, పేలిపోవచ్చు. పెట్టె పక్కలు ఎక్కడైనా ఉబ్బాయేమోనని చేతి తొడుగు తీసి తడిమి చూశాను. చదునుగానే ఉన్నాయి. ఏం చేసినా ఈరోజే చేయాలి.

ఎనిమిదింటికి పెద్దాయన తిరిగి వచ్చి జంపర్ కేబుళ్లు ఇచ్చారు. ఎర్రది నా బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస ఆయన బ్యాటరీ ప్లస్‌కు. నల్లది ఆయన మైనస్‌కు, దాని చివరి క్లిప్పు నా ఇంజను మీద రంగులేని ఇనుప భాగానికి. ఆఖరి క్లిప్పును బ్యాటరీకి దూరంగా పెట్టాలి. బ్యాటరీ నుంచి మండే హైడ్రోజన్ వస్తుంది, అక్కడ నిప్పురవ్వ రాకూడదు. తాళం తిప్పానో లేదో, వేసవిలో లేచినట్టు లేచింది.

ఫోనులో బాబాయి ఆ చప్పుడు విన్నారు.

“నల్ల క్లిప్పు ఎక్కడ పెట్టావు?”

“ఇంజను మీద.”

కాసేపు మాట్లాడలేదు. “అన్ని లైట్లూ, ఫ్యానూ వేసి మీటరు పెట్టు,” అన్నారు.

కేబుళ్లు తీసేసి, హెడ్‌లైట్లు, ఫ్యాను, వెనక అద్దం హీటరు వేశాను. లోడు లేకుండా, అంటే అవేవీ వేయకుండా, చూసే అంకె మనిషిని మోసం చేస్తుంది. బ్యాటరీ దగ్గర 12.8. ఈ చలిలో 14 పైన ఉండాల్సింది. అంటే డైనమో పోయిందని నేను అప్పటికే తీర్మానించుకున్నాను. దాని ధర కూడా మనసులో లెక్క వేసేశాను.

“డైనమో దగ్గరే చూడు. మీటరు ఎర్ర ముల్లు దాని వెనక బోల్టు మీద, నల్ల ముల్లు దాని ఒంటి మీద. బెల్టుకు చెయ్యి దూరం.”

14.5.

ఆ అంకెను మూడుసార్లు చూశాను. డైనమో నిక్షేపంగా ఉంది. బెల్టు కూడా బిగువుగానే ఉంది, జారితే వచ్చే కీచు చప్పుడు లేదు. అక్కడ పుట్టిన 14.5లో బ్యాటరీకి చేరుతున్నది 12.8. మిగతా 1.7 దారిలో ఎక్కడో పోతోంది. డైనమో బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్ వరకు ముళ్లు పెడితే 0.2. పెద్ద తప్పు కాదు. డైనమో ఒంటి నుంచి బ్యాటరీ మైనస్ వరకు పెడితే 1.5.

“ఎర్త్!” అన్నారు బాబాయి. గొంతులో అదే పాత హుషారు. “జంప్ పెట్టినప్పుడు నల్ల క్లిప్పు నేరుగా ఇంజనుకు ఎర్త్ ఇచ్చింది. అందుకే ఒక్క తిప్పుకే లేచింది. నీ బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకు వెళ్లే వైరు పోయింది.”

ఆ ఒక్క మాటతో మూడు వారాల గొడవ అంతా అర్థమైంది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటుకూ, డైనమో పంపే ఛార్జింగుకూ దారి ఆ వైరే. కరెంటు ఎంత పెరిగితే అంత నష్టం. సెల్ఫ్ లాగేటప్పుడు నూరు ఆంపియర్లు దాటుతుంది కాబట్టి అప్పుడు సెల్ఫ్‌కు అందేది చాలా తక్కువ. రోజూ పది నిమిషాల ప్రయాణం, అన్ని హీటర్లూ వేసుకుని, అరకొర ఛార్జింగుతో. పాత బ్యాటరీ కూడా బహుశా ఇలాగే ఆకలితో పోయి ఉంటుంది. దానికి అన్యాయం చేశామని బాధ కలిగింది.

ఎవరో స్నేహితుడు చెప్పినట్టు, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమోను పరీక్షించాలా అని అడిగాను. బాబాయి గట్టిగా మందలించారు. పాత లారీల రోజుల్లో అలా చేసేవారట. ఇప్పటి బండ్లలో వైరు పీకగానే వోల్టేజి ఎగబాకి కంప్యూటర్లను కాల్చేస్తుంది.

ఇంజను ఆపకుండా, సీటు హీటరు వేయకుండా, ఒక స్నేహితుడి గ్యారేజీకి తీసుకెళ్లాను. మైనస్ టెర్మినల్ విప్పి, ఆ వైరు వెంట కిందికి వెళ్లాను. గేరుబాక్సు మీద బోల్టు దగ్గర తెల్లటి పొడి, తుప్పు. ఇక్కడి రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు పని అది. పైకి వైరు బాగానే ఉంది. తొడుగును కత్తితో చీలిస్తే లోపల రాగి పోగులు ఆకుపచ్చగా మారి, వేళ్లతో నలిపితే పిండిలా రాలిపోయాయి. పదో పన్నెండో పోగులు మాత్రం ఇంకా ఎర్రగా, మెరుస్తూ ఉన్నాయి. ఇన్నాళ్లూ బండి బరువంతా మోసింది ఆ కాసిని పోగులే.

కొత్త ఎర్త్ కేబుల్ ఇరవై డాలర్లలోపే దొరికింది. గేరుబాక్సు మీద ఆ చోటును వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాను. బ్యాటరీని నాలుగు గంటలు ఛార్జరు మీద పెట్టి, మళ్లీ లోడు వేసి చూశాను. బ్యాటరీ దగ్గర 14.3. ఎర్త్ వైపు నష్టం 0.06.

రాత్రి ఏడున్నరకు మా ఆవిడను తీసుకొచ్చాను. ఆసుపత్రి బయట ఇంజను ఆపి, ఆమె ఎక్కాక మళ్లీ తాళం తిప్పితే వెంటనే లేచింది. అంకెలన్నీ బాబాయికి రాసి పంపాను. అక్కడ తెల్లవారింది, వెంటనే జవాబు వచ్చింది.

“సరే. బోల్టు మీద వేజలీన్ రాశావా?”

రాయలేదు. స్నానాల గదిలోంచి డబ్బా తీసుకుని, కోటు మళ్లీ వేసుకుని కిందికి వెళ్లాను.