సుబ్బులు తోక

పదకొండున్నర. ఈయన గురక మొదలైంది. నాకేమో మా ఇంటి పాము సుబ్బులు తోకే కళ్లలో మెదులుతోంది.

సాయంత్రం నీళ్ల గిన్నె మారుస్తుంటే కనిపించింది. తోక కొన దగ్గర బూడిద రంగు ఉంగరం. పోయిన నెల విడిచిన కుబుసం ముక్క అక్కడే ఉండిపోయి బిగుసుకుంది. అలాగే వదిలేస్తే రక్తం ఆడక కొన నల్లబడి రాలిపోతుంది. నేను ఇన్నాళ్లూ అది దాని ఒంటి మీది చారే అనుకున్నాను!

చిన్నోడికి ఫోన్ చేస్తే, "అమ్మా, హ్యుమిడిటీ ఎంతుంది?" అన్నాడు. ఒళ్లు మండింది. 'అంతా నేనే చూసుకుంటా, నువ్వు ముట్టుకోనక్కర్లేదు' అని ఏడ్చి కొనిపించుకున్నదెవరు? వాడేమో ఆస్టిన్‌లో, వాడి బాల్ పైథాన్, అదే ఈ పెంపుడు కొండచిలువ, ఇక్కడ డాలస్‌లో నా నెత్తిన. ఇరవై, ముప్పై ఏళ్లు బతికే జీవి. దాని తిండికని ఫ్రీజర్లో గోంగూర పక్కన ఎలుకల పొట్లాలు.

అత్తయ్య, "మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కుకోమ్మా" అన్నారు. మనకు చర్మరోగం వస్తే సర్పదోషం అంటారు. సర్పానికే వస్తే ఎవరి దోషం?

మోపిదేవి అనగానే అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో గడ్డివాము పక్క కట్టెల్లో నాకంటే పొడుగున్న కుబుసం దొరికింది. అమ్మమ్మ ముట్టుకోనివ్వలేదు. తాతయ్య, "జెర్రిపోతుదిలే" అని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. ఉల్లిపొర కంటే తేలిక. మేజోడు తిరగేసి విప్పినట్టు మూతి నుంచి తోక దాకా ఒకటే ముక్క. తల దగ్గర రెండు గుండ్రటి బిళ్లలు, గడియారం అద్దాల్లా. "కంటి మీది పొర కూడా వదిలేస్తుందే. దానికి రెప్పలుండవుగా" అన్నాడు. ఆ బిళ్లలోంచి ఎండను చూశాను.

సుబ్బులుది మాత్రం అప్పడం ముక్కల్లా ఊడింది. కళ్ల పొరలు వచ్చాయో లేదో అప్పుడే చూడాల్సింది. ముక్కలన్నీ ఊడ్చి పారేశాను.

తేమ మీటర్ ముప్పై శాతం చూపిస్తోంది. ఉండాల్సింది అరవై. జనవరి కదా, ఇంట్లో హీటర్ ఆగదు, గాలి ఎండిపోతుంది. ఆ హీటర్ పెంచేదీ నేనే. పోయిన చలికాలం ఇలాగే పొడిగా ఉందని రోజుకు మూడుసార్లు స్ప్రే కొట్టాను. కింద పొట్టు చిత్తడై, పొట్ట పొలుసులు ఎర్రబడి పొక్కులొచ్చాయి. తడి చెయ్యి పెట్టిన ఆవకాయలా చేశాను దాన్ని. పశువుల డాక్టరమ్మ చూసి, పొలుసులు కుళ్లే జబ్బు, 'స్కేల్ రాట్' అని యాంటీబయాటిక్ ఇచ్చింది. పొట్టు తీసేసి పేపర్ టవల్స్ పరిచి, బెటడీన్‌ను పల్చటి టీ రంగులో కలిపిన నీళ్లలో దాన్ని నానబెట్టుకుంటూ ఎన్ని రోజులు గడిపానో! ఆ భయంతో ఈసారి అసలు తడే తగలనివ్వలేదు. కావలసింది గాలిలో తేమ, పొట్ట కింద తడి కాదు. చిన్నోడు అడగాల్సిందే అడిగాడు పాపం.

గోరువెచ్చటి నీళ్లలో ఇరవై నిమిషాలుంచి, తడి తువ్వాల్లో పాకనిచ్చాను. ఉంగరం సగం ఊడింది. మిగతాది గోటితో లాగబుద్ధేసింది కానీ లాగలేదు, కింద పొలుసు లేచొస్తుంది. మూత ఉన్న డబ్బాకు కన్నం కోసి, తడిపి నీళ్లు పిండేసిన నాచు అందులో పెట్టాను. ఇప్పుడే లైటేసి చూశాను. తల ఒక్కటే బయట పెట్టి పడుకుంది. ఎడమ కన్ను కాస్త మసకగా అనిపిస్తోంది. వెట్ క్లినిక్ ఎనిమిదింటికి తెరుస్తారు.