కళ్లం, గాదె, ఒక ల్యాప్‌టాప్

మా నాయనకి ల్యాప్‌టాప్ కొనాలన్న మాట ఏడాదిగా ఇంట్లో నలుగుతూనే ఉంది. కంటి ఆపరేషన్ అయ్యాక ఫోన్‌లో అక్షరాలు చూడటం ఆయనకి కష్టంగా ఉంది, పొలం లెక్కలేమో ఇప్పటికీ పాత డైరీల్లోనే. మేముండేది డల్లాస్ దగ్గర, మా ఊరు నెల్లూరు జిల్లాలో బుచ్చి (బుచ్చిరెడ్డిపాలెం) పక్కన. మొదట నా పాత ల్యాప్‌టాప్ ఇచ్చేద్దామనుకున్నా. కానీ అది 2016లో కొన్నది, విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి, దాంట్లో ఉన్నది అంతకన్నా పాతది. విండోస్ 10కి చూస్తే 2025 అక్టోబర్ 14తో మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టాల్సిన మనిషి చేతిలో అలాంటిది పెట్టబుద్ధి కాలేదు.

అమెరికాలోనే కొత్తది కొని తెద్దామా అని కూడా ఆలోచించాం. కరెంటుతో ఇబ్బంది లేదు, అడాప్టర్ మీద 100–240 వోల్టులని రాసే ఉంటుంది. కానీ చాలా మోడళ్లకి వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది, రేపు ఏదన్నా పాడైతే ఆయన ఎవరి దగ్గరికి పోవాలి? అందుకని జూన్‌లో సెలవులకొచ్చినప్పుడు నెల్లూరులోనే కొందామనుకున్నాం. ఎంపిక చేసే పని మా పాపకి అప్పజెప్పాను.

పాపకి పన్నెండేళ్లు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఆదివారం తెలుగు బడికి పంపాను, రాత్రిళ్లు కథలు చెప్పాను, "తెలుగులో అడిగితేనే ఇస్తా" అని కొన్నాళ్లు పట్టుబట్టాను కూడా. ఆ పట్టుబట్టడం తప్పని ఇప్పుడు అనిపిస్తుంది, ఆకలేసి అన్నం అడిగే పిల్లకి భాషని అడ్డం పెట్టకూడదు.

ట్రంకు రోడ్డులో షాపులోకి పోగానే అక్కడి అబ్బాయి "పదహారు జీబీ ర్యామ్, ఐదొందల పన్నెండు ఎస్‌ఎస్‌డీ" అంటూ గడగడా చెప్పుకుపోయాడు. నాయన నా వైపు చూడలేదు, మనవరాలి వైపు తిరిగి "ఏందమ్మా ఆయన చెప్పేది?" అన్నాడు. నేను నోరు తెరవబోయి ఆగిపోయాను. పాప కాసేపు తడుముకుంది. "తాతా, ర్యామ్ అంటే... నువ్వు పని చేసేటప్పుడు అన్నీ పెట్టుకునే చోటు. ఎస్‌ఎస్‌డీ అంటే పని అయిపోయాక దాచిపెట్టుకునేది."

నాయన ఒక్క నిమిషం ఆలోచించి, "అంటే మొదటిది కళ్లం, రెండోది గాదె" అన్నాడు.

"కళ్లం అంటే ఏంటి తాతా?"

"కోసిన వరి తెచ్చి కుప్పేసి నూర్చే చోటమ్మా. ఇప్పుడంతా మిషన్ కోతే, నీకు చూపిద్దామన్నా మా ఊళ్లో కళ్లం లేదు. కళ్లం ఇరుకైతే గాదె ఎంత పెద్దదుండీ పని సాగదు."

"అదే తాతా! అందుకే ఎనిమిది వద్దు, పదహారు తీసుకో. గాదె ఐదొందల పన్నెండు చాలు." అంతటితో ఊరుకోలేదు, షాపబ్బాయిని పట్టుకుని "అన్నా, ఈ కళ్లం తర్వాత పెంచుకోవచ్చా?" అని అడిగింది. అది అడగాల్సిన ప్రశ్నే. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత మార్చడానికి ఉండదు. ఆ అబ్బాయి కూడా కళ్లం అనే మాటతోనే బదులు చెప్పాడు.

15.6 అంగుళాల స్క్రీన్ ఉన్నది తీసుకున్నాం. ఆయన వసారాలో కూర్చుంటాడు కాబట్టి వెలుతురు పడితే అద్దంలా మెరిసే స్క్రీన్ వద్దన్నాం, లెక్కల కోసం పక్కన అంకెల మీటలు ఉన్నది చూశాం. గేమ్‌లకి పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డుకి డబ్బు పెట్టలేదు.

అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు రెండు రకాలుంది, ఇంగ్లీషు స్పెల్లింగ్ కొడితే తెలుగు వచ్చేది ఒకటి, తెలుగు అక్షరాలకే నేరుగా మీటలుండే ఇన్‌స్క్రిప్ట్ రెండోది. నాయనకి "త" కావాలంటే "టి" కొట్టాలన్న ఆలోచనే రాదు, అందుకని ఇన్‌స్క్రిప్ట్ పెట్టాం. మీటల మీద తెలుగు అక్షరాలుండవు కదా, పాప చిన్న చిన్న స్టిక్కర్లు కత్తిరించి నల్ల పెన్నుతో రాసి అంటించింది. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. ఎల్, ఈ, ఎల్ నొక్కితే "తాత" వచ్చింది. తర్వాత "అమ్మ" కొట్టబోతే "అమమ" అని పడింది. మధ్యలో డి నొక్కాలి, ఆ మీటలో ఉన్నది పొల్లు, అది పడితేనే తర్వాతి అక్షరం వత్తుగా కిందికి దిగుతుంది. సి, డి, సి. మొదట "మ్" అని కనపడి, రెండో "మ" పడగానే అది కిందికి జారింది. "ఓ, వత్తు అంటే ఇదా!" అంది పాప. రెండేళ్లు బడిలో వత్తులు బొమ్మల్లా గుర్తుపెట్టుకున్న పిల్లకి అవి ఎట్లా పుడతాయో అప్పుడు కనపడింది. నాకు కళ్లనీళ్లొచ్చాయి, దాచుకోలేదు.

మరుసటి రోజు ఇద్దరూ కలిసి ఎక్సెల్‌లో లెక్కల షీటు వేశారు. తేదీ, కూలి, ఎరువు, కోత మిషన్, పుట్లు, అన్నీ తెలుగులోనే. మా నెల్లూరులో వడ్ల ధర పుట్టి లెక్కన మాట్లాడతారు, పుట్టంటే 850 కిలోలు. పాప ఒక గడిలో పుట్లు వేస్తే పక్క గడిలో కిలోలు వచ్చేట్టు ఫార్ములా పెట్టింది. మూడున్నర ఎకరాలకి 12 పుట్లని నాయన కొట్టాడు, 10,200 అని వచ్చింది. ఆయన అప్పటికే నోటితో చెప్పేశాడు. "నువ్వెట్లా చెప్పావు తాతా?" అంటే పదిపుట్లకి 8,500, రెండింటికి 1,700, కలుపుకో అన్నాడు.

మేము తిరిగొచ్చి రెండు నెలలయింది. పోయిన శనివారం ఎడగారు పంట కోత అయిందని నాయన షీటు పంపాడు. "కూలి" గడి పక్కన ఒక మాట అదనంగా ఉంది, "గట్ల ఖర్చు". పాప ఫోన్ చేసి అడిగింది, "తాతా, గట్లు అంటే ఏంటి?" ఆ ఫోన్ నలభై నిమిషాలు నడిచింది, నేను వంటింట్లోనే ఉన్నాను, మధ్యలోకి పోలేదు.