వెనక వైపు చూసి కొనే ఫోటోలు

నయాగరా గురించి అందరూ రాసేశారు. వాషింగ్టన్‌లో ఎండకి తిరిగి కాళ్లు పీకడం తప్ప నేను చెప్పగలిగిందేం లేదు. ఈసారి అమెరికా ప్రయాణంలో నన్ను ఓపక్క చిరాకుపెట్టి, ఓపక్క నిద్రపట్టనివ్వని ఊరు న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్. దాని గురించే రాస్తాను.

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి 287 నంబరు హైవే ఎక్కి, 87 మీద కింగ్‌స్టన్ దాకా పోయి, అక్కడ రూట్ 28 పట్టుకున్నాం. క్యాట్‌స్కిల్ కొండలు చూడాలని కోడలి ముచ్చట. కొండలు బాగానే ఉన్నాయి కానీ, ఆ మలుపులకి మనవడు వాంతి చేసుకున్నాడు. తీరా చూస్తే రెండువేల మంది కూడా లేని ఊరు. అయితేనేం, మేటి ఆటగాళ్లను ఎన్నుకుని గౌరవించే మ్యూజియం, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, అక్కడుంది కాబట్టి కారు పెట్టుకోడానికి చోటుండదు, ఉన్నా ఊరికే రాదు. మ్యూజియం టికెట్టు మనిషికి 30 డాలర్లకు అటూ ఇటూ. నాకు ముసలివాళ్ల రాయితీ ఇచ్చారు. అయినా మనసులో రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడలేదు.

మావాడికి పాత బేస్‌బాల్ ఫోటోలు పోగుచేసే పిచ్చి. మనవడు లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో, చేరాక మొదలైంది. నేను తెనాలిలో స్టూడియో నడిపినవాణ్ణి కాబట్టి, ఏది అసలో ఏది నకలో చెప్తానని వాడి ఆశ.

మ్యూజియంలో కంచు ఫలకాలు, బ్యాట్లు, బూట్లు చాలానే ఉన్నాయి. ఆట తెలియనివాడికి అన్నీ ఒకటే. ఒక ఫోటో గురించి మాత్రం మావాడు చెప్పింది నచ్చింది. 1939 జూన్ 12న ఈ మ్యూజియం తెరిచిన రోజున, అప్పటిదాకా ఎన్నికైనవాళ్లలో బతికున్న పదకొండు మందినీ పిలిచారు. గ్రూప్ ఫోటోలో పదిమందే ఉంటారు. టై కాబ్ అనే ఆటగాడు ఆలస్యంగా వచ్చాడు. పెళ్లి ఫోటోల్లో పెళ్లికొడుకు మేనమామ ఒకాయన ఎప్పుడూ ఇలాగే తప్పిపోతుంటాడు, మళ్లీ అందర్నీ నిలబెట్టలేక మేం ఏడ్చేవాళ్లం.

ఇక అసలు సంగతి. మెయిన్ స్ట్రీట్‌లో బొమ్మలు, టోపీలు, కార్డులు అమ్మే కొట్ల మధ్య ఒక సన్నటి కొట్టు. లోపల నా వయసాయన. పాత ఫోటోలన్నీ ప్లాస్టిక్ కవర్లలో, చెక్కపెట్టెల్లో నిలబెట్టి ఉన్నాయి. మావాడు అడగగానే రెండు ఫోటోలు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. రెండింట్లోనూ పాతకాలపు బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్, ఒకే పోజు, బ్యాటు ఊపి పైకి చూస్తున్నాడు. ఒకే నెగటివ్ అని నేను చూడగానే చెప్పాను. ఆయన తలూపాడు. ఒకటి 45 డాలర్లు, ఇంకోటి 2,800.

నాకు ఒళ్లు మండింది. పైగా 45 డాలర్లదే ప్రింటు బాగుంది! నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా ఉంది. ఖరీదైనదానికి మూల మడత, నల్లగా ఉన్నచోట వెండి పైకి తేలి, వంచితే అద్దంలా మెరుస్తోంది. రూత్ చుట్టూ బూడిదరంగు పూసి వెనకున్న జనాన్ని చెరిపేశారు. పేపర్లో అచ్చు స్పష్టంగా రావడానికి బ్రష్‌తో చేసిన టచింగ్ అది. నా దగ్గరైతే అలాంటి పనికి కుర్రాణ్ణి తిట్టేవాణ్ణి.

ఆయన మారుమాట్లాడకుండా రెండిటినీ బోర్లా తిప్పాడు. 45 డాలర్లదాని వెనక తెల్లగా, ఖాళీగా ఉంది. రెండోదాని వెనక జాతరే. పేపర్లకి ఫోటోలు పంపే ఏక్మీ న్యూస్‌పిక్చర్స్ వాళ్ల స్టాంపు, తేదీ ముద్ర, టైపు కొట్టి అంటించిన చీటీ, కొలతలు గీసిన మైనపు పెన్సిల్ గీతలు. నెగటివ్ తీసిన రెండేళ్లలోపు ఆ నెగటివ్ నుంచే వేసిన ప్రింటయితే టైప్ 1 అంటారట. అదే నెగటివ్ నుంచి తర్వాతెప్పుడో వేస్తే టైప్ 2. వైర్‌లో, అంటే తీగల మీద సంకేతాలుగా పంపితే వచ్చినవీ, నకలు నెగటివ్ నుంచి వేసినవీ వాటికంటే తక్కువ రకం. బొమ్మ ఎలా ఉందన్నది ఆ తర్వాతి మాట. బొమ్మ చూసేవాళ్లు ఆట ఇష్టమున్నవాళ్లు, వెనక చూసేవాళ్లు కొనేవాళ్లు అని ఆయన నవ్వాడు.

తర్వాత లైటు ఆర్పి, వేలెడంత యూవీ టార్చి వెలిగించాడు. చవకది నీలంగా భగ్గుమంది. ఖరీదైనది చీకట్లో అలాగే ఉండిపోయింది. ఫోటో పేపర్లో తెల్లదనం కోసం మందు కలపడం 1950ల నుంచి. అంతకు ముందుదని చెప్పి అమ్మే ప్రింటు అలా వెలిగితే అది అబద్ధం. ఇన్నేళ్లు ఆ తెల్ల పేపర్ మీదే బతికినవాణ్ణి, ఆ సంగతి నాకు తోచలేదు.

మోసాలకేం తక్కువ లేదు. ఆర్కాన్సాస్‌లో ఒకడు, స్కాన్ చేసి ఇస్తానని పత్రికల పాత ఫోటోల భాండాగారాలే సంపాదించాడు. చివరికి మోసం బయటపడి 2017లో 12 ఏళ్లు జైలు శిక్ష పడింది.

బేరం పక్కనపెట్టి కొట్టాయన చార్లెస్ కాన్లన్ అనే పాత ఫోటోగ్రాఫర్ గురించి చెప్పాడు. న్యూయార్క్‌లో ఒక పేపర్లో ప్రూఫ్ రీడర్. ఫోటోలు తీయడం పక్కపని, 1904 నుంచి దాదాపు నలభై ఏళ్లు తీశాడు. 1909-10 ప్రాంతంలో హిల్‌టాప్ పార్క్ అనే మైదానంలో టై కాబ్ మట్టి లేపుతూ మూడో బేస్ అనే గుర్తులోకి జారుతుంటే, అక్కడ కాపు కాస్తున్న తన స్నేహితుడు ఆస్టిన్‌కి దెబ్బ తగిలిందేమోనని కాన్లన్ కంగారుపడ్డాడు. బొమ్మ తీశాడో లేదో తనకే గుర్తు లేదు. ఎందుకైనా మంచిదని కెమెరాలో ప్లేటు, అంటే అప్పటి గాజు నెగటివ్, మార్చాడు. మర్నాడు కడిగితే అందులో ఉంది. ఈ రోజుకీ బేస్‌బాల్‌లో అంత పేరున్న ఫోటోలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తన ప్లేట్లు చాలావాటిని చోటు చాలక ఆయనే నాశనం చేసుకున్నాడట. ఆ ముక్క వినగానే కాన్లన్ మా ఫోటోగ్రాఫర్ల జాతివాడే అనిపించాడు.

అయితే ఆ ఖరీదైన ఫోటో వెనక స్టాంపుల్లో ఎక్కడా ఫోటో తీసినవాడి పేరు లేదు. కంపెనీ పేరే ఉంది. అదేంటయ్యా అన్నాను. సామాన్యంగా అంతే అన్నాడు. మరి 2,800 డాలర్లు ఎవరికి పోతున్నాయి? మావాడు నా మోచెయ్యి నొక్కాడు.

మావాడు వైర్ ఫోటో ఒకటి తీసుకున్నాడు. అడ్డగీతలున్నాయి, ధర మాత్రం అందుబాటులో ఉంది.

తిరిగొస్తుంటే నాకు విజయవాడ గాంధీనగర్ గుర్తొచ్చింది. సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల నుంచి రీళ్లపెట్టెతో పాటు స్టిల్స్ కట్ట వచ్చేది. హాలు ముందు గాజు బీరువాలో గుండుసూదులు గుచ్చి పెట్టేవాళ్లు. నలుపు తెలుపుల్లో ఎన్టీఆర్, సావిత్రి, ఎస్వీఆర్, మూలల్లో సూదిబెజ్జాలు. వెనక ఏముండేదో ఒక్కరోజూ తిప్పి చూళ్లేదు.

ఎడిసన్ చేరగానే, ఒకప్పుడు హాలు మేనేజరుగా చేసిన మిత్రుడికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారింది. “ఏవోయ్, పాత స్టిల్స్ ఏమన్నా మిగిలాయా? ఉంటే తిప్పి చూడు, వెనక స్టాంపు ఉందా?”

కాసేపు పెట్టె లాగిన చప్పుడు. “స్టాంపుంది. సగం చెద తినేసింది,” అన్నాడు. మళ్లీ గొంతు మార్చి, “అమెరికా నుంచి అడుగుతున్నావంటే ఏదో ఉందన్నమాట. ముందు రేటు చెప్పు.”