అన్నీ పెట్టాకే పొదుగు

డేగ గుడ్డు పెట్టింది, కాసేపు దాని పక్కనే నిలబడింది, తర్వాత ఎగిరిపోయింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి, రాలేదు. రాత్రి కెమెరాలో అంతా నలుపూ తెలుపే కదా, గులకరాళ్ళ మధ్య ఆ గుడ్డొక్కటే బోడిగా పడి ఉంది. బయట చలి. నాకు ఒకటే టెన్షన్, అన్నం తింటూ కూడా ఫోన్ పక్కన పెట్టుకుని చూస్తూనే ఉన్నాను, వంద మైళ్ళ దూరంలో ఉన్నా బాగుండేది, ఏం చెయ్యలేననుకుని ఊరుకునేదాన్ని, గంట కూడా పట్టని దూరంలో ఉంది అది గుడ్డు పెట్టిన టవర్.

ఇది 2021 మార్చి సంగతి. నేను ఉండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. ఆ టవర్ బర్క్‌లీ యూనివర్సిటీది, క్యాంపనీల్ అంటారు, 307 అడుగుల ఎత్తు, పైన 61 గంటలున్న గోపురం. దాని మీద 2016 చివర్లోనో 2017 మొదట్లోనో ఒక పెరెగ్రిన్ ఫాల్కన్ జంట చేరింది. మన దగ్గర భైరి డేగ అంటారే, అదే జాతి. వాటి కోసం గులకరాళ్ళు పోసిన పెట్టె ఒకటి అమర్చారు, 2019లో జనం తలా కాస్త డబ్బు వేసుకుని కెమెరాలు పెట్టించారు. ఆడదానికి యానీ అని పేరు, యూనివర్సిటీలో జంతువుల మ్యూజియం మొదలుపెట్టిన యానీ అలెగ్జాండర్ పేరు అది. మగదాని పేరు గ్రిన్నెల్, ఆ మ్యూజియానికి మొట్టమొదటి డైరెక్టర్ పేరు. ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తున్న రోజులు, రెండో మానిటర్ మీద మీటింగుల పక్కన ఒక మూల వీళ్ళిద్దరూ ఉండేవారు. ఇద్దరూ అంటున్నాను, చూసేవాళ్ళందరం అలాగే అంటాం.

సరే, ఆ రాత్రి ఇక ఉండబట్టలేక అమ్మకి ఫోన్ చేశాను. మా ఊరు జంగారెడ్డిగూడెం దగ్గర. అక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర అవుతోంది, అమ్మ వాకిట్లో కోళ్ళకి నూకలు చల్లుతోంది.

"గుడ్డు పెట్టి వెళ్ళిపోయిందమ్మా, చలికి పాడైపోదూ?"

"ఎన్నోది?"

"మొదటిదే."

"మొదటిదానికే కూర్చుంటుందేంటే? మన పెట్ట ఎప్పుడన్నా కూర్చుందా? అన్నీ పెట్టాకే పొదుగు. పెట్టిన ప్రతిదాని మీదా అప్పుడే కూర్చుంటే ఒకటి ఇవాళ లేస్తుంది, ఒకటి నాలుగు రోజులకి లేస్తుంది. ముందు లేచినవాటిని తిప్పుకుంటూ తల్లి వెళ్ళిపోతే మిగతావి చల్లారి మురిగిపోవూ?"

అంతే. ఇరవై ఏళ్ళు కోళ్ళ మధ్య పెరిగాను, బుట్టలో ఇసక పోసి, దాని మీద గడ్డి పరిచి, గుడ్లు సర్ది అమ్మ కోడిని పొదగేయడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా ఆ మాట నాకు తట్టలేదు. తర్వాత చదివితే డేగల విషయంలోనూ అచ్చం అదే. వేడి తగలనంతవరకూ గుడ్డులో పిండం ఎదగడం మొదలుపెట్టదు, కొన్ని రోజులు అలా ఆగి ఉండగలదు. డేగ రెండు మూడు రోజులకొకటి చొప్పున మూడో నాలుగో పెడుతుంది, మూడో గుడ్డు దాకా అప్పుడప్పుడు కాసేపు కప్పుతుందే కానీ నిలకడగా కూర్చోదు. మూడోది వచ్చాక ఇక నిలకడగా కూర్చుంటుంది. అలా చేస్తే పిల్లలన్నీ దాదాపు ఒకే సమయానికి బయటికొస్తాయి. డేగ పిల్లలకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అవి కోడిపిల్లల్లా పుట్టగానే నూకలు ఏరుకోలేవు, తల్లి ముక్కుతో చీల్చి నోటికి అందించాలి. నాలుగు రోజులు ముందు పుట్టింది పెద్దదై మెడ చాచి అంతా లాక్కుంటుంది, వెనక పుట్టినదానికి ఏం మిగలదు.

నేను నిర్లక్ష్యం అనుకున్నది అదన్నమాట. తెల్లారేసరికి యానీ వచ్చి గుడ్డు పక్కన నిలబడి ఉంది.

డేగ గూడు కట్టదు. ఒక్క పుల్ల కూడా తేదు. గులకరాళ్ళలో రొమ్ము ఆనించి, కాళ్ళతో వెనక్కి తన్నుకుంటూ, కొంచెం పక్కకి తిరిగి మళ్ళీ తన్నుకుంటూ ఒక చిన్న గుంట చేస్తుంది. గుడ్డు దొర్లిపోకుండా ఉంటే చాలు, దానికి కావలసింది అంతే. అడవిలో అయితే కొండచరియ మీద మట్టిలో చేస్తుంది. నగరంలో కొండచరియలాంటివి ఈ టవర్లే, కింద పావురాలు కావలసినన్ని. గుడ్లు పెట్టే ముందు వారాల తరబడి ఇద్దరూ ఆ గుంట దగ్గరికి వచ్చి, ఎదురెదురుగా తలలు దించి వంగి నిలబడి ఏదో మాట్లాడుకుంటారు. గ్రిన్నెల్ వేటాడిన పిట్టని తెచ్చి ఇస్తాడు, యానీ తీసుకుంటుంది. మగది ఆడదానికన్నా మూడో వంతు దాకా చిన్నది, పక్కపక్కన నిలబడితే అబ్బాయి ఇంకా పెరగాలేమో అనిపిస్తుంది.

మూడో గుడ్డు పెట్టడం మాత్రం కళ్ళారా చూశాను. పగలే. యానీ గుంట మీద నిలబడింది, కూర్చోలేదు. రెక్కలు కాస్త ఒళ్ళు నుంచి దూరంగా జారి వేలాడుతున్నాయి, తోక దగ్గర ఈకలన్నీ ఉబ్బి ఉన్నాయి. కళ్ళు సగం మూసుకుంది. ఒళ్ళంతా ఒకసారి కిందకి బిగుసుకుంటుంది, వదులవుతుంది, మళ్ళీ బిగుసుకుంటుంది. మీటింగులో ఎవరో నన్నేదో అడుగుతున్నారు, ఒక్క నిమిషం అని మ్యూట్ చేసుకున్నాను. నాకు ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే, ఆ బిగుసుకోవడం వదులవడం ఏమిటో నాకు తెలుసు. చప్పుడు లేదు, కెమెరా తెర మీద బొమ్మ మాత్రమే, అయినా నా పళ్ళు బిగుసుకుపోయాయి. ఒక్కసారి ముందుకి తూలినట్టు అయింది. కాళ్ళ మధ్య తడిగా, ముదురు ఎరుపు రంగులో గుడ్డు. వెంటనే కూర్చోలేదు, అలాగే నిలబడి ఊపిరి పీల్చుకుంది. తడి ఆరుతుంటే ఆ ఎరుపు పాత ఇంటి పెంకుల రంగుకి, అక్కడక్కడా మచ్చలతో ఇటుక పొడి రంగుకి దిగింది. అప్పుడు మెడ వంచి ముక్కు కింది భాగంతో దాన్ని మిగతా రెండింటి దగ్గరికి లాక్కుంది.

ఇంకొకటి చెప్పాలి. డేగ గోళ్ళంటే పావురాన్ని గాలిలోనే పట్టి చంపేవి, దిగువకి దూకేటప్పుడు గంటకి 300 కిలోమీటర్లు దాటుతుంది, ఆ వేగంతో తగిలితే పిట్ట బతకదు. ఆ గోళ్ళున్న కాళ్ళతో గుడ్ల మధ్యకి నడిచేటప్పుడు వేళ్ళన్నీ లోపలికి మడుచుకుంటుంది, మనం పిడికిలి బిగించినట్టు. పిడికిళ్ళ మీద నడుచుకుంటూ వస్తుంది. వచ్చి ఈకలు విప్పి, కడుపు మీద ఈకలు రాలిన బోడి చర్మాన్ని గుడ్లకి తగిలేలా అటూ ఇటూ ఊగుతూ సర్దుకుంటుంది. ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారి కూడా ఆ వేళ్ళు విప్పి అడుగు వేయలేదు.

అమ్మకి ఇదంతా చెబితే మొదట్లో నచ్చేది కాదు. "పిల్లల్ని ఎత్తుకుపోయేదాని గుడ్ల కోసం నీకు దిగులేంటే," అనేది. గద్ద వేరు, ఈ డేగ వేరు, ఇది ఎగిరే పిట్టల్నే పడుతుంది అని చెప్పాను. విన్నది కానీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది డీడీటీ అనే పురుగుమందు సంగతి చెప్పినప్పుడు.

ఎందుకంటే అమ్మకి డీడీటీ తెలుసు. మలేరియా వాళ్ళు వీపుకి డబ్బాలు తగిలించుకుని వచ్చి ఇల్లిల్లూ తిరిగి గోడలకి కొట్టేవారు, కొట్టి గోడ మీద తారీఖు రాసి వెళ్ళేవారు, ఆ రోజు సామానంతా వాకిట్లో పెట్టుకోవాలి, గోడలన్నీ తెల్లగా చారలు. అమ్మ చిన్నప్పటి నుంచీ ఉంది అది. దానివల్ల మలేరియా తగ్గి ఎంతోమంది బతికారు, ఆ మాట కాదనే హక్కు నాకు లేదు. అయితే అమెరికాలో, ఇంగ్లండ్‌లో దాన్ని పొలాల మీద, అడవుల మీద టన్నులకొద్దీ చల్లారు. పురుగులోంచి పిట్టలోకి, పిట్టలోంచి డేగలోకి, పైకి వెళ్ళేకొద్దీ చిక్కబడుతూ పోయింది. డేగ చావలేదు. దాని ఒంట్లో గుడ్డు పెంకుకి అందాల్సిన కాల్షియం అందలేదు. పెంకు పలచబడింది. తల్లి వచ్చి పొదగడానికి కూర్చుంటే తన బరువుకే గుడ్డు చితికిపోయింది.

ఇది విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "కూర్చుంటేనే చితికిపోయేవా," అని మాత్రం అడిగింది.

ఇంగ్లండ్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ఆయన ఎప్పుడో సేకరించి దాచిన పాత గుడ్లని కొత్త గుడ్లతో పోల్చి, పెంకు పలచబడిన సంగతి 1967లో బయటపెట్టాడు. 1970 నాటికి కాలిఫోర్నియా మొత్తంలో గుడ్లు పెడుతున్న డేగల జంటలు తెలిసినవి రెండే. రాష్ట్రమంతా కలిపి రెండు జంటలు! అమెరికాలో 1972లో డీడీటీ ఆపారు, మన దేశంలో పంటల మీద వాడకం 1989లో ఆగింది. కానీ ఆపగానే పెంకులు గట్టిపడవు కదా, మట్టిలో, ఒంట్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకని కాలిఫోర్నియాలోనే శాంటాక్రూజ్‌లో వేటపక్షుల మీద పనిచేసే బృందం వాళ్ళు తాళ్ళు కట్టుకుని కొండచరియలు దిగి, పలచటి గుడ్లని జాగ్రత్తగా తీసి వాటి స్థానంలో నకిలీ గుడ్లు పెట్టి వచ్చేవారు. అసలువాటిని ఇంక్యుబేటర్‌లో పొదిగించి పిల్లల్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆ గూట్లోనే పెట్టేవారు. అన్నాళ్ళూ తల్లి ఆ నకిలీ గుడ్ల మీదే కూర్చుని ఉండేది, పిల్ల కనబడగానే తిండి పెట్టడం మొదలుపెట్టేది. 1999లో అమెరికా అంతరించిపోయే ప్రాణుల జాబితాలోంచి ఈ డేగని తీసేశారు. తెర మీద యానీ మూడో గుడ్డు మీద అటూ ఇటూ ఊగుతూ బరువు వేస్తుంటే నాకు ఏడుపొచ్చిందంటే అందుకే. బరువు వేసినా పగల్లేదు.

ముప్ఫై మూడు రోజుల అటూ ఇటూ పొదగాలి. ఆ ముప్ఫై మూడు రోజుల్లో ఇండియాలో కరోనా రెండో వేవ్ మొదలైంది. ఆ ఏప్రిల్ గురించి మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. ఊళ్ళో వీధికొకరు పోయారు, అమ్మ ఒక్కతే ఉంది, నేను టికెట్ కొనుక్కుని వెళ్ళే పరిస్థితి లేదు. రోజూ ఫోన్. జ్వరం ఉందా, దగ్గుందా, ఎవరన్నా వచ్చారా, ఆక్సిజన్ ఎంతుంది. ఇద్దరికీ ఆ మాటలు అయిపోయాక ఫోన్ పెట్టేయబుద్ధి కాదు, మాట్లాడడానికి వేరే ఏం లేదు. అప్పుడు అమ్మే అడిగేది: "మరి అది లేచిందా ఇవాళ? మగాడు వచ్చాడా?" గ్రిన్నెల్ వచ్చి కూర్చుంటే యానీ అలా వెళ్ళి తిని వస్తుంది, రాత్రంతా తనే కూర్చుంటుంది అని చెప్పేదాన్ని. లింక్ పంపాను, పక్కింటి అబ్బాయి అమ్మ ఫోన్‌లో పెట్టించాడు. ఆ తర్వాత నాకన్నా ముందు అమ్మే చూసేది, నేను నిద్రపోయే టైముకి అక్కడ మిట్టమధ్యాహ్నం. మూడు పిల్లలు లేచాయి ఆ ఏడు. తెల్లటి నూగుతో, తల నిలబడక ఒకదాని మీద ఒకటి పడిపోతూ. అందులో ఒకదానికి జనం ఓట్లేసి ఫౌచీ అని, అమెరికాలో కరోనా గురించి చెప్పే డాక్టర్ పేరు పెట్టారు. అమ్మకి ఏం కాలేదు.

తర్వాతి ఏడు, 2022లో, మార్చి 31న గ్రిన్నెల్ పోయాడు. బర్క్‌లీ వీధుల్లో దొరికాడు, కాలికున్న రింగు చూసి గుర్తుపట్టారు, ఏదో కారు తగిలి ఉంటుందన్నారు. అంతకుముందు అక్టోబర్‌లోనే ఇంకో డేగతో పోట్లాటలో గాయపడి ఆస్పత్రిలో ఉండి కోలుకుని వచ్చాడు. గూట్లో గుడ్లున్నాయి, యానీ ఇంకా పెట్టడం పూర్తి కాలేదు. ఒక్కతే పొదగలేదు, తిండికి లేస్తే గుడ్లు చల్లారతాయి, లేవకపోతే తను బతకదు. నాకు ఆ పూట పని చేతకాలేదు.

అదే రోజు, కొన్ని గంటల్లోనే, ఎక్కడి నుంచి వచ్చాడో ఇంకో మగ డేగ వచ్చాడు. తర్వాత ఆల్డెన్ అని పేరు పెట్టారు. ఆ గుడ్లు వాడివి కావు. వచ్చి వాటి మీద కూర్చున్నాడు. మేలో రెండు పిల్లలు లేచాయి, ఒకదానికి గ్రిన్నెల్ జూనియర్ అని పేరు పెట్టారు.

ఆ వీడియో అమ్మకి పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది. "మగది పోతే పెట్ట పిల్లల్ని సాక్కోవడం చూశాను కానీ, పరాయి మగాడు వచ్చి గుడ్ల మీద కూర్చోవడం నేనెప్పుడూ చూళ్ళేదే," అంది. మళ్ళీ పెట్టమంది. వీడియో కాల్‌లో నా లాప్‌టాప్ తెర చూపించాను. ఆల్డెన్ వేళ్ళు ముడుచుకుని వచ్చి కూర్చున్నాడు, అటూ ఇటూ ఊగాడు. కానీ చిన్న ఒళ్ళు, ఎంత సర్దుకున్నా ఒక పక్క గుడ్డు బయటికి కనబడుతూనే ఉంది.

"ఇంకాస్త లోపలికి లాక్కో నాయనా," అంది అమ్మ, ఫోన్ దగ్గరికి జరిగి. "అదిగో, ఆ పక్కది."