హంతకుడెవరో ముందే చెప్పేయండి, పర్లేదు

ఎవరో మహానుభావులు నాకంటే ముందు ఆ పుస్తకం చదివి, ఒక పేరు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన మార్జిన్‌లో "చంపింది ఈ శాల్తీనే" అని రాసిపెట్టారు. అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' అది. ఆ నవల్లో ఆ ఒక్క ముక్కా చెప్పేశాక ఇంకేం మిగల్దని చదివినవాళ్లు అంటారు. నేనూ అలాగే అనుకుని, ఒళ్లు మండి, రెండ్రోజులు దాని మొహం చూళ్లేదు. మూడోరోజు ఏమీ తోచక మళ్లీ తీశా.

తీసినదాన్ని ఇక కింద పెట్టలేదు. ప్రతి వాక్యం నిజమే చెబుతోంది, అదే వాక్యం ఏదో దాస్తోంది కూడా, ఎలా దాస్తోందో నాకు మాత్రం కనబడిపోతోంది. గారడీవాడి వెనకాల కూర్చుని చూసినట్టుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడతారు, వెనకున్న నాకు ఆ చేతి వేళ్లు కనిపిస్తాయి, ఎక్కువ మజా ఎవరికి? అప్పట్నుంచి స్పాయిలర్లంటే భయం పోయింది. పోవడమేంటి, నాకిష్టమైనవన్నీ ఒక్కసారి లెక్కేసుకుంటే దాదాపు అన్నీ అసలు విషయం ముందే చెప్పేసేవే.

సీరియల్స్‌లో నా మొదటి ఓటు ఎప్పుడూ 'కొలంబో'కే. 1968లో ఒక టీవీ సినిమాగా మొదలై, 1971 నుంచి సిరీస్‌గా వచ్చింది. హత్య ఎవరు చేశారో, ఎలా చేశారో మొదట్లోనే పూర్తిగా చూపించేస్తారు. ఆ తర్వాత తాపీగా వస్తాడు పోలీసు డిటెక్టివ్ కొలంబో, అంటే నటుడు పీటర్ ఫాక్, నలిగిపోయిన రెయిన్‌కోటు, చేతిలో చుట్ట, జేబులన్నీ వెతుక్కుంటూ. హంతకుడు బాగా డబ్బున్నవాడు, చదువుకున్నవాడు, వీడెవడో బుర్ర తక్కువవాడని లోపల నవ్వుకుంటూ ఉంటాడు. ఇతనేమో వాళ్లావిడ గురించి ఏవో కబుర్లు చెప్పి, విసిగించి, సెలవు తీసుకుని గుమ్మం దాకా వెళ్తాడు. హంతకుడు హమ్మయ్య అనుకుంటాడు, భుజాలు కిందికి దిగుతాయి. అప్పుడు ఆగుతాడు. నుదుటి మీద వేలు పెట్టుకుని, వెనక్కి తిరిగి, ఇంకొక్క చిన్న విషయం సార్, అంటాడు. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆ వెనక్కి తిరగడం దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎవరు చంపారన్నది కాదు కదా అక్కడ టెన్షన్, వీడికి ఎప్పుడు తెలిసిపోయింది అన్నది.

సిరీస్‌లో మొదటి ఎపిసోడ్ 'మర్డర్ బై ద బుక్' తీసింది స్పీల్‌బర్గ్, అప్పటికి 24 ఏళ్ల కుర్రాడు. మొదట్లో ఒక కారు వస్తూ ఉంటుంది, మనకి మాత్రం కారు చప్పుడు కాకుండా టైప్‌రైటర్ టకటకలు వినబడుతుంటాయి. అంతే, ఇంకేం జరగలేదు, అయినా కుర్చీ అంచుకి వచ్చేస్తాం.

ఆ కొలంబో పాత్రకి ఒక మూలం దస్తయేవ్‌స్కీ 'నేరము-శిక్ష'లో హత్య కేసు విచారించే పోర్ఫిరీ అని దాన్ని సృష్టించినవాళ్లే చెప్పారు. 1866 నాటి నవల. ఆరు భాగాలు, హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది. మిగతా అయిదు భాగాలూ చంపినవాడి బుర్రలో మనం కూర్చుని ఉక్కిరిబిక్కిరి కావడమే. (వాళ్లమ్మ రాసే ఉత్తరం ఒకటుంటుంది, పేజీలకి పేజీలు, మొదటిసారి చదివినప్పుడు దాటేశాను, ఒప్పుకుంటున్నా. రెండోసారి అదే బాగా నచ్చింది.) మార్క్వెజ్ 1981లో రాసిన 'క్రానికల్ ఆఫ్ ఎ డెత్ ఫోర్‌టోల్డ్' అయితే మరీ అన్యాయం, మొదటి వాక్యంలోనే మనిషిని చంపబోతున్నారని చెప్పేస్తాడు. అయినా చివరి పేజీ దాకా ఎవరో ఒకరు వెళ్లి అతనికి ఆ మాట చెప్తే బావుణ్ణని అనిపిస్తూనే ఉంటుంది.

అంత దూరం ఎందుకు, మన 'మాయాబజార్' (1957) ఏంటి మరి? కథ అందరికీ తెలుసు. సినిమాలోనూ మన దగ్గర దాపరికమేమీ లేదు, శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి తెలుసు, కౌరవుల వాళ్లకి తెలీదు. నవ్వంతా ఆ తేడాలోనే ఉంది. మరోటి, 'ఆహా నా పెళ్ళియంట' పాటలో ఘంటసాల గొంతు వచ్చే చోట సావిత్రిని గమనించండి, మొహం అదే, చీర అదే, లోపల మాత్రం ఎస్వీ రంగారావు. ఇదే సంగతి చివర్లో ట్విస్టుగా పెట్టుంటే ఒక్కసారి ఓహో అనుకుని మర్చిపోయేవాళ్లం.

అలాగని నేనేమీ మహాజ్ఞానిని కాదు. 'దృశ్యం' చూడ్డానికి ముందు మాత్రం ఎవరైనా నోరు తెరిస్తే చెవులు మూసుకున్నాను. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు చూశాక, ముగింపు తెలిసి కూడా మళ్లీ చూడాలనిపించలేదు. తెలిసిపోయినందుకు కాదు, దాని కోసం అంత దూరం నడవబుద్ధి కాలేదు, అంతే. దాని గురించి ఎక్కువ మాట్లాడితే బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

నేను ఎక్కువసార్లు చూసిన సినిమా మాత్రం '12 యాంగ్రీ మెన్'. ఇదీ 1957దే. గంటన్నర కొంచెం దాటుతుంది, దాదాపు అంతా ఒకే గది, ఒక హత్య కేసులో తీర్పు తేల్చాల్సిన పన్నెండుమంది జ్యూరీ సభ్యులు, ఉక్కపోత. తీర్పు ఏమవుతుందో చిన్నపిల్లలు కూడా ఊహిస్తారు. అందుకే నేను తీర్పు చూడను, ఫ్యాన్ చూస్తాను. మొదట్లో ఎవరెంత తిప్పినా అది తిరగదు. వాన మొదలై చీకటి పడ్డాక లైట్లు వేస్తే అప్పుడు తిరుగుతుంది, రెండింటికీ స్విచ్ ఒకటే. ఇంకా ఒకాయనుంటాడు, నాలుగో నంబరు, కళ్లద్దాలాయన. అందరూ కోట్లు విప్పేసి చెమటలు తుడుచుకుంటుంటే ఈయన మాత్రం కోటు విప్పడు, నీకు చెమటే పట్టదా అని అడిగితే పట్టదు అంటాడు. తర్వాత ఒకచోట, కొన్ని రోజుల కింద చూసిన సినిమా పేరేంటి, అందులో ఎవరున్నారు అని అడుగుతుంటే, గుర్తు రాక తడబడతాడు. అప్పుడు చూడాలి ఆ నుదురు. మొదటిసారి చూసినప్పుడు నాకు అది కనబడనే లేదు, ఎవరు గెలుస్తారా అని చూస్తున్నా కదా.

మొన్న రాత్రి మా తమ్ముడు ఆ సినిమా మొదటిసారి చూశాడు. పక్కనే కూర్చున్నాను, ఒక్క మాట కూడా చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు, నేనూ మాట మీద నిలబడ్డాను. సరిగ్గా ఆ ప్రశ్నలు మొదలవగానే వాడు నావైపు తిరిగి, "అక్కా, ఎందుకు నవ్వుతున్నావ్?" అన్నాడు.

"నన్నెందుకురా చూస్తావ్, అటు చూడు" అన్నాను. ఆలోగా ఆయన జేబురుమాలు తీసేశాడు.