సరస్వతి ఆకు, నీటి బ్రాహ్మి: పేరు కలిసినా పెంపకం కలవదు

హైదరాబాద్‌లో నర్సరీకి వెళ్ళి ‘బ్రాహ్మి ఉందా’ అని అడిగితే రెండు వేర్వేరు మొక్కల్లో ఏదైనా చేతికి రావచ్చు. ఒకటి సరస్వతి ఆకు, శాస్త్రీయంగా సెంటెల్లా ఏషియాటికా, ఆయుర్వేదంలో మండూకపర్ణి. రెండోది నీటి బ్రాహ్మి, అంటే బకోపా మొన్నియరి. పాతవాళ్ళు సాంబ్రాణి చెట్టు అనేది దీన్నే. ఉత్తరాదిలో చాలాచోట్ల మొదటిదాన్ని బ్రాహ్మి అంటారు, కేరళలో రెండోదాన్ని. మన ఊళ్ళో రెండు వాడుకలూ కలిసిపోయాయి.

రెండూ నేలను పట్టుకుని పాకేవే, ఏళ్ళ తరబడి బతికేవే, తడి కోరేవే. అందుకని పక్కపక్కనే పెట్టి ఒకేలా నీళ్ళు పోస్తుంటారు. అలా పెంచితే రెంటిలో ఒకటి మేలో మాడిపోతుంది, లేదా ఆగస్టు ముసురులో కుళ్ళిపోతుంది. ఆ ఒకటి దాదాపు ఎప్పుడూ సరస్వతి ఆకే.

ముందు ఆనవాలు పట్టాలి. సరస్వతి ఆకుది కిడ్నీ ఆకారం, అంచున చిన్న చిన్న నొక్కులు, ఒక్కో ఆకుకీ పొడవాటి కాడ. కాడ అతికే చోట ఆకు లోపలికి చీలి ఉంటుంది. ఈ చీలికను తప్పకుండా చూడండి. ఎందుకంటే కుండీల్లో అందంగా కనిపించే హైడ్రోకోటైల్ అనే మొక్కను కూడా సరస్వతి అని ఇచ్చేస్తుంటారు. దాని ఆకు నున్నగా మెరుస్తుంది, కాడ ఆకు మధ్యలో గొడుగు కర్రలా అతుకుతుంది. అది తినడానికి తెచ్చుకునే మొక్క కాదు. నీటి బ్రాహ్మిని చూస్తే గంగవాయిల కూర గుర్తొస్తుంది: కండగల చిన్న ఆకులు, కాడ లేకుండా జతలు జతలుగా. గంగవాయిలకు పసుపు పూలు పూస్తాయి, దీనికి తెలుపులో లేత ఊదా కలిసిన పూలు. ఒక్క ఆకు నమిలినా చాలు, ఆ చేదు చాలాసేపు నాలుకను వదలదు.

పెంపకంలో అసలు తేడా ఎండ దగ్గర మొదలవుతుంది. సరస్వతి ఆకుకు పొద్దుటి ఎండ 2, 3 గంటలు చాలు. తూర్పు బాల్కనీ దానికి పుట్టిల్లు. నేరుగా ఎండ పడే డాబా మీద ఆకులు రూపాయి బిళ్ళంత కూడా పెరగవు, కాడలు ఎర్రబారతాయి, అంచులు ఎండుతాయి. మార్చి మూడో వారం నుంచి వానలు పడేదాకా 50 శాతం షేడ్ నెట్ కింద ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటినప్పుడు గాలి కన్నా స్లాబు వేడే ఎక్కువ దెబ్బ తీస్తుంది. కాబట్టి కుండీని నేల మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, పడమటి పిట్టగోడకు దూరం జరపండి. నీటి బ్రాహ్మికి ఈ బాధ లేదు. కింద తడి ఆరకుండా ఉంటే 5, 6 గంటల ఎండను హాయిగా తట్టుకుంటుంది. నీడలో పెడితేనే తీగలు సన్నబడి, కణుపుల మధ్య ఎడం పెరిగి, పీలగా సాగుతుంది.

మట్టి కూడా ఒకటి కాదు. సరస్వతికి ఎర్రమట్టి 2 పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు 1 పాలు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) 1 పాలు. కోకోపీట్‌ను రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండి కలపండి, లేకపోతే దానిలోని ఉప్పు లేత వేళ్ళను కాలుస్తుంది. 12 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల లోతున్న టబ్బు సరిపోతుంది. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి లోతు కన్నా వెడల్పు ముఖ్యం. అడుగున కనీసం 4 రంధ్రాలుండాలి. తడి అంటే ఇష్టమే గానీ, నీరు కదలక నిలిచిపోతే వేళ్ళకు గాలి అందదు. మొదలు నల్లబడి, లాగితే చేతికి ఊడి వస్తుంది.

నీటి బ్రాహ్మికి మట్టి 3 పాళ్ళు, ఎరువు 1 పాలు. మట్టి నల్లరేగడి అయినా పరవాలేదు. కోకోపీట్ వద్దు, నీళ్ళు పోసినప్పుడల్లా తేలిపోతుంది. టబ్బు అడుగున రంధ్రం పెట్టకండి. పక్కగోడకు, మట్టి మట్టం కన్నా ఒక అంగుళం కిందుగా ఒక్క రంధ్రం చాలు. మట్టి ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది, పైన మాత్రం నీళ్ళు నిలవవు. ఈ మొక్క నీళ్ళలో మునిగినా బతుకుతుంది, అక్వేరియంలలో కూడా పెంచుతారు. అయినా ఇంట్లో నీళ్ళు నిలవనివ్వకూడదు. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి అంత చిన్న మడుగు చాలు.

నాటడానికి జూన్ చివర, జూలై మంచి అదను. అది దాటితే ఫిబ్రవరి. సరస్వతిని విత్తనంతో ప్రయత్నించడం దండగ, సరిగా మొలవదు. 2, 3 ఆకులు, కాస్త వేళ్ళు ఉన్న పిలకలను 4 అంగుళాల ఎడంతో నాటి, కణుపు మట్టికి ఆనేలా యు ఆకారంలో వంచిన వైరు ముక్కతో అదిమిపెట్టండి. కణుపు గాల్లో ఉంటే వేరు దిగదు. నీటి బ్రాహ్మి అయితే 3, 4 అంగుళాల కొమ్మ చాలు. కింది ఆకులు తుంచి రెండు కణుపులు మట్టిలోకి గుచ్చితే వారం పది రోజుల్లో వేరు పడుతుంది.

ఇక నీళ్ళు. మన బోర్ల నీళ్ళు చాలాచోట్ల బాగా కఠినం. నీటి బ్రాహ్మి కొంత ఉప్పదనాన్ని కూడా ఓర్చుకుంటుంది. సరస్వతి మాత్రం కొద్ది నెలల్లోనే చెప్పేస్తుంది: కొత్త ఆకు పసుపుపచ్చగా వస్తుంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. ఇది ఇనుప ధాతువు లోపం. మట్టిలో ఇనుము ఉన్నా క్షారం పెరగడంతో వేరు అందుకోలేదు. దీన్ని చూసి నత్రజని తక్కువైందనుకుని యూరియా వేస్తే కాడలు సాగి, ఆకులో పస తగ్గుతుంది తప్ప పచ్చదనం రాదు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 2 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అర గ్రాము కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వారం తర్వాత ఇంకోసారి. ఆపైన రెండు వారాలు ఆకు కోయకండి. వాననీళ్ళు పట్టి పోయగలిగితే ఈ తిప్పలే ఉండవు. ఆర్‌వో యంత్రం వదిలేసే నీళ్ళు సరస్వతికి అసలు పోయకూడదు. లవణాలన్నీ పోగయ్యేది వాటిలోనే.

పురుగుల సంగతి ఎక్కువ లేదు. ఎండల్లో ఎర్రనల్లి, వానల్లో నత్తలు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి ఆకు అడుగున తగిలేలా కొడితే నల్లి తగ్గుతుంది. నత్తలను రాత్రిపూట చేత్తో ఏరడమే. తినే ఆకు మీద విషపు గుళికలు వాడొద్దు.

నాటిన రెండు, మూడు నెలలకు కోత మొదలుపెట్టవచ్చు. సరస్వతిని కాడతో సహా కత్తెరతో కోయండి. లాగితే తీగంతా లేస్తుంది. ఒకేసారి మూడింట రెండు వంతులకు మించి తీయకండి. నీటి బ్రాహ్మిని మొదలు దగ్గర రెండంగుళాలు ఉంచి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. డిసెంబరు, జనవరి చలికి రెండూ నెమ్మదిస్తాయి. అప్పుడు ఎరువు వేసినా లాభం లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మూసీ ఒడ్డునో, నాలా పక్కనో, చెరువు అంచునో పచ్చగా అల్లుకుందని నీటి బ్రాహ్మిని తెచ్చి తినకండి. సీసం, కాడ్మియం లాంటి భారలోహాలను అది ఒంట్లోకి పీల్చుకుంటుంది. కడిగితే పోయేది కాదు. నాటడానికి పిలకలు కూడా శుభ్రమైన చోటి నుంచే తీసుకోండి. సరస్వతి ఆకును పచ్చడిలో, పప్పులో కొద్దిగా వేసుకోవచ్చు. రెండింటిలో దేన్నైనా మందులా రోజూ వాడాలనుకుంటే, ముఖ్యంగా గర్భిణులు, కాలేయం లేదా థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్ళు, ముందు వైద్యుణ్ణి అడగాలి.

ఏడాది తిరిగేసరికి సరస్వతి టబ్బు మధ్యలో బట్టతలలా ఖాళీ అవుతుంది, అంచుల్లోనే ఆకు మిగులుతుంది. రోగం కాదది, వేళ్ళు కిక్కిరిసిపోయాయి. తొలకరి పడగానే మొత్తం పెకలించి, అంచుల్లోని లేత పిలకలు ఏరి, కొత్త మట్టిలో పెట్టండి. నీటి బ్రాహ్మి మొదళ్ళు కూడా ముదిరి ఆకు రాల్చేది అప్పుడే. పైకొనలు తుంచి అదే రోజు గుచ్చేస్తే రెండు టబ్బుల పనీ ఒక పూటలో అయిపోతుంది.