సింగపూర్‌కి డబ్బులెలా పట్టుకెళ్లామంటే

మా పర్లాకిమిడిలో జామకాయలమ్మే ముసలమ్మ బుట్ట మీద కూడా క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. కానీ ఊరంతా తిరిగినా ఒక్క డాలరు దొరకదు. ఆ సంగతి నాకు 2024 డిసెంబరులో తెలిసింది. సంక్రాంతి వెళ్లాక సింగపూర్, మలేషియా చూసొద్దామని టికెట్లు తీశాం. అమ్మ, నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, మొత్తం నలుగురం. విమానం టికెట్లకీ హోటళ్లకీ ముందే కట్టేశాం. ఇక తిండికీ, తిరుగుడుకీ, కొనుగోళ్లకీ డబ్బు పట్టుకెళ్లాలి. లక్షా ఇరవై వేల దాకా అనుకున్నాం.

ముందు మా బ్యాంకు బ్రాంచికే వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే "ఎఠి హెబొ నాహి" అన్నాడు. ఇక్కడ కాదట, బరంపురమో భువనేశ్వరో వెళ్లాలట. మేం ఎక్కేది వైజాగ్‌లో. నది దాటితే పాతపట్నం, ఆంధ్రా. బరంపురం కన్నా మాకు రాకపోకలు ఎక్కువ అటే. మా బావమరిది కూడా వైజాగ్‌లోనే ఉంటాడు. సరే, ఆ పనేదో అక్కడే చూసుకుందాం అనుకున్నాను.

ఈలోగా ఊళ్లో సలహాలు మొదలయ్యాయి. విదేశానికి ఎంత పట్టుకెళ్లినా ఇరవై శాతం టాక్సు కోస్తారని మా వీధిలో ఒకాయన భయపెట్టాడు. రెండు రాత్రులు నాకు అదే టెన్షన్. మా ఆడిటరుని అడిగితే తేలింది. ఆ కోత ఒక ఆర్థిక సంవత్సరంలో 7 లక్షలు దాటిన మొత్తానికే. తర్వాత 2025 ఏప్రిల్ నుంచి ఆ గీతని 10 లక్షలకి జరిపారు. కోసినది కూడా రిటర్నులో మన ఖాతాలోకే జమ వస్తుంది. ప్యాకేజీ టూరు కొనుక్కుంటే లెక్క వేరు, మాది ప్యాకేజీ కాదు. ఇంకొకాయన "కార్డు ఒకటి చాలు, ప్రపంచమంతా గీకుడే" అన్నాడు. ఆయన బరంపురం దాటి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ మాత్రం నోట్లే అంది. ఆవిడ వాదనకి చరిత్ర ఉంది. ఆవిడ తాతగారు గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం వెళ్లినవాడు. రంగూన్‌ని మా వైపు అలాగే అంటారు. 1942లో జపాను వాళ్లొచ్చి పడ్డప్పుడు అందరితో పాటు కాలినడకన తిరిగొచ్చాడు. పెట్టె, బట్టలు అన్నీ దారిలో పోయాయట. నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలోని వెండి రూపాయలు మాత్రం ఇల్లు చేరాయట. "కార్డు పోతే ఏటి చేస్తావురా? నడుంకున్నది పోదు" అని తేల్చేసింది. పట్టుచీర మడతల్లోంచి అరవై వేలు తీసి నా ముందు పెట్టింది. అన్నీ ఐదొందల నోట్లే. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది, సగం కర్పూరం, సగం పాత పట్టు.

ఆ కట్ట పట్టుకుని వైజాగ్ వెళ్లాను. ద్వారకానగర్‌లో డబ్బు మార్చే ఆఫీసొకటి బావమరిది చూపించాడు. బయట గాజు తలుపు మీద పెద్ద అక్షరాలతో 'కమీషన్ లేదు' అని రాసి ఉంది.

నాది కిరాణా, జీడిపప్పు వ్యాపారం. ఇరవై రెండేళ్లుగా కాటా దగ్గర కూర్చున్నవాణ్ని. కమీషన్ లేదంటున్నాడంటే అది రేటులో కూర్చుని ఉంటుందని నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉదయం ఫోన్‌లో చూస్తే సింగపూర్ డాలరు 63 రూపాయల 80 పైసలు. వాళ్ల బోర్డు మీద నోటుకి 66.10. "కార్డులో వేసుకుంటే 64.70 కే ఇస్తాం సార్" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అది ఫారెక్స్ కార్డట, ముందే విదేశీ డబ్బు నింపుకుని అక్కడ గీకేది. నోట్లని విమానంలో తెప్పించుకోవాలి, దాచుకోవాలి, బీమా కట్టాలి, అందుకే వాటికి రేటెక్కువట. ఆ మాట నాకు నచ్చింది. గుండు పప్పుకీ బద్దకీ రేటు తేడా ఎందుకో నేను కూడా ఇలాగే చెప్తాను. బేరమాడితే నోటుని 65.60 కి దించాడు. బోర్డు మీద రేటు చూసి బేరమాడకూడదనుకుంటాం గానీ, అక్కడా బేరం ఉంటుంది.

కాగితం తీసుకుని లెక్క వేశాను. అసలు రేటు మీద నోటుకి రూపాయి ఎనభై పైసలు, కార్డుకి తొంభై పైసలు పోతున్నాయి. కార్డు ఇచ్చినందుకు మూడొందలు వేరే. వెయ్యి డాలర్లు వేసుకుంటే అది డాలరుకి ముప్పై పైసలు. అంటే కార్డు డాలరు 65 రూపాయలు పడుతుంది. మరి నా దగ్గరున్న క్రెడిట్ కార్డు? బిల్లు మీద 3.5 శాతం మార్కప్, అంటే విదేశంలో గీకినందుకు బ్యాంకు వేసే కోత, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి వందకి 4 రూపాయల 13 పైసలు. అక్కడ గీకితే డాలరు 66.40 దాకా పడుతుంది. చేతిలో పైసా పెట్టకుండా హాయిగా తీసుకెళ్లే కార్డే అన్నిటికన్నా ఖరీదు. మార్కప్ లేని కార్డులు కూడా ఉన్నాయట, నాది అలాంటిది కాదు. ఇక డెబిట్ కార్డు దేశం దాటితే పనిచెయ్యని రకం, దాన్ని ఇంట్లోనే వదిలేశాను. మారకం మీద జీఎస్టీ గురించి అనవసరంగా బెంగపడ్డాను గానీ లక్ష రూపాయలకి 180 రూపాయలే.

ఎనిమిది వందల డాలర్ల నోట్లు, వెయ్యి డాలర్లు కార్డులో అని తేల్చుకున్నాను. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు అన్నీ ఇచ్చి, ఫారం మీద సంతకం పెట్టి, అమ్మ కట్ట తీసి బల్ల మీద పెట్టాను. ఆ అబ్బాయి దాన్ని ముట్టుకోలేదు.

"యాభై వేలు దాటితే క్యాష్ తీసుకోకూడదు సార్. అకౌంట్ నుంచి పంపాలి."

బావమరిది నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నోట్లు దగ్గర్లోని మా బ్యాంకు బ్రాంచిలో కట్టి, అక్కణ్నుంచి వీళ్ల ఖాతాకి పంపేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. ఫోన్‌లో అమ్మకి చెప్తే "మన డబ్బులు మనమే బేంకులో కట్టి మళ్లీ కొనుక్కోడవేటి?" అంది. నేను జవాబు చెప్పలేదు. విదేశీ డబ్బు కొనేటప్పుడు నగదు మన వైపు నుంచి యాభై వేల దాకానే. మనకిచ్చే విదేశీ నోట్లకి కూడా హద్దుంది, ఒక ప్రయాణానికి 3000 అమెరికన్ డాలర్ల విలువ దాకా. ఆపైన కావాలంటే కార్డే. మాది ఆ హద్దు దరిదాపుల్లో కూడా లేదు.

నోట్లు చిన్నవి అడిగాను. యాభైలు, పదులు, కొన్ని రెండ్లు ఇచ్చాడు. ఇంటికెళ్లి అమ్మ చేతిలో పెడితే బొటనవేలితో రుద్ది చూసింది. "ప్లాస్టిక్కా ఇది?" అని ఒకటి నలిపింది. మడత నిలవలేదు, జారి మళ్లీ విచ్చుకుంది. అప్పుడు నమ్మింది. రెండొందలు ఆవిడ బొడ్డుసంచిలోకి, మూడొందలు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి, మూడొందలు నా దగ్గర. ఫారెక్స్ కార్డు నా జేబులో, క్రెడిట్ కార్డు పెట్టె అడుగున. ఏ ఒక్క చోట పోయినా ఇంటికి రాగలిగేలా పంచాననుకున్నాను.

తప్పు ఎక్కడ చేశానో సింగపూర్ హోటల్ కౌంటర్ దగ్గర తెలిసింది. గది డబ్బు ముందే కట్టాం కదా, డిపాజిట్టుకి కార్డివ్వమన్నారు. క్రెడిట్ కార్డిచ్చాను. డిక్లైన్. మళ్లీ పెట్టారు. మళ్లీ డిక్లైన్. వెనక వరసలో జనం. మన కార్డుల్లో విదేశీ వాడకం మొదట్నుంచీ ఆపేసి ఉంటుంది, రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నియమం అది. మనమే తెరవాలి. నేను తెరిచాననే అనుకున్నాను. నిజానికి హోటల్ బుక్ చేసిన రోజు యాప్‌లో అంతర్జాతీయ 'ఆన్‌లైన్' బొత్తం ఒకటే నొక్కాను. దుకాణంలో గీకడానికి వేరే బొత్తం, ఏటీఎంకి వేరే, ట్యాప్‌కి వేరే. హోటల్ వైఫైలో యాప్ తెరిస్తే ఓటీపీ అడిగింది. ఓటీపీ రావాలంటే సిమ్‌కి రోమింగ్ ఉండాలి. ఇంట్లో పది నిమిషాల పని, అదీ చెయ్యలేదు. చివరికి ఫారెక్స్ కార్డే ఇచ్చాను. అందులో రెండొందల డాలర్లు బ్లాక్ చేశారు. గది ఖాళీ చేసినప్పుడు వదిలేస్తామన్నారు. వాళ్లు వదిలినా, కార్డులోకి వచ్చేసరికి రోజులు పడుతుందని తర్వాత అర్థమైంది. క్రెడిట్ కార్డయితే లిమిట్‌లో కాస్త తగ్గుతుంది, అంతే. ఇది మన సొంత డబ్బు, ఇరుక్కుపోతుంది. హోటల్ డిపాజిట్టుకి ఫారెక్స్ కార్డు ఇవ్వొద్దని ఇప్పుడు మా ఊళ్లో ఎవరడిగినా చెప్తున్నాను.

మర్నాడు హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోట, మా అబ్బాయి అన్నం దుకాణం క్యూఆర్ స్కాన్ చేసి "నాన్నా, మన యూపీఐ తీసుకోవట్లేదు" అన్నాడు. 2023 ఫిబ్రవరిలో యూపీఐకీ, సింగపూర్‌లో అలాంటిదే అయిన పేనౌకీ లంకె వేశారని పేపర్లో చదివి వాడు ధైర్యంగా ఉన్నాడు. ఆ లంకె ఒక ఖాతా నుంచి ఇంకో మనిషి ఖాతాకి పంపుకోవడానికి. యూపీఐ తీసుకునే దుకాణాలు కొన్ని వేరే ఉన్నాయి, ఇది వాటిలోది కాదు. నేను పది డాలర్ల నోటు తీశాను. చిల్లర నాణేలన్నీ అమ్మ తీసేసుకుంది.

లిటిల్ ఇండియాలో ఒక గాజుల దుకాణంలో 84 డాలర్ల బిల్లయింది. అమ్మేవాడు తమిళం, తెలుగు కలిపి మాట్లాడుతున్నాడు. ఫారెక్స్ కార్డు మెషీన్లో పెట్టగానే తెర మీద రెండు లెక్కలొచ్చాయి, సింగపూర్ డాలర్లలో 84, రూపాయల్లో 5,620. నా చెయ్యి పడకముందే అతను రూపాయల వైపు నొక్కబోయాడు. "ఉండు బాబూ" అన్నాను. 84ని 63.80తో గుణిస్తే 5,360 లోపే. రూపాయల్లో చూపించడం మన సౌకర్యం కోసమంటారు గానీ ఆ సౌకర్యం ధర రెండొందల అరవై. పైగా నా కార్డులో ఉన్నవే డాలర్లు, వాటిని రూపాయలు చేసి మళ్లీ డాలర్లు చేస్తే రెండు చోట్లా తరుగు. ఎక్కడికి వెళ్లినా ఆ దేశం డబ్బులోనే నొక్కమనాలి. అతను ఏమీ అనుకోలేదు. మా కొట్లోనూ తూకం చూసుకునే గిరాకీ ఉంటాడు, నేనూ ఏమీ అనుకోను.

మలేషియాలో మాత్రం నేనే దెబ్బతిన్నాను. కార్డులో వేసింది సింగపూర్ డాలర్లే, రింగిట్లు కావు. కౌలాలంపూర్లో మొదటి రాత్రి భోజనానికి 190 రింగిట్లు గీకితే, మెసేజ్‌లో రెండు డాలర్లు ఎక్కువ కోసినట్టుంది. కార్డులో లేని కరెన్సీలో ఖర్చుపెడితే నా కార్డుకి 3.5 శాతం కోత. కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. జీడిపప్పు లోడు మీద చిన్న అక్షరాలు చదివేవాణ్ని, దీన్ని వదిలేశాను. అదృష్టం కొద్దీ బయల్దేరే ముందు లిటిల్ ఇండియాలో మూడొందల డాలర్ల నోట్లు రింగిట్లు చేయించుకున్నాను, డాలరుకి 3.27 వచ్చింది. మిగిలిన రెండు రోజులూ వాటితోనే గడిపాం.

బటు కేవ్స్‌లో మురుగన్ గుడికి 272 మెట్లు. అమ్మ నలభై ఎక్కి కూర్చుండిపోయింది. మేం పైనుంచి దిగొచ్చేసరికి పక్కన పూలమ్మే ఆవిడతో బేరమాడుతోంది, ఆవిడది తమిళం, అమ్మది తెలుగు. బొడ్డుసంచిలోంచి పది రింగిట్లు తీసిచ్చి, చిల్లర లెక్కపెట్టుకుంటోంది. ఆ సంచిలోకి రింగిట్లు ఎప్పుడు చేరాయో నాకు తెలియదు. మా ఆవిడ దగ్గర్నుంచి మార్చుకుందట, మూడు రింగిట్లకి ఒక డాలరు లెక్కన. మిగతా ఇరవై ఏడు సెన్లు, అంటే రింగిట్‌లో పైసలు, ఏవని అడిగితే మా ఆవిడ నవ్వి ఊరుకుంది.

తిరిగొచ్చాక నాణేలు ఎవరూ తీసుకోలేదు, మార్చేవాళ్లకి నాణేలు అక్కర్లేదు. అమ్మ వాటిని దేవుడి దగ్గర పళ్లెంలో పోసింది. నోట్లు అరవై డాలర్లు మిగిలితే అమ్మనివ్వలేదు. 2000 అమెరికన్ డాలర్ల విలువ లోపు నోట్లు ఇంట్లో ఉంచుకోవచ్చు, కాబట్టి నేనూ పట్టుబట్టలేదు. ఆ బ్లాకయిన రెండొందలు మేం ఇల్లు చేరిన పన్నెండో రోజున కార్డులోకి వచ్చాయి. కొట్లో పప్పు తూస్తుండగా మెసేజ్ వచ్చింది. కార్డులో మిగిలింది 180 రోజుల్లోపు వెనక్కిచ్చెయ్యాలి కదా, వెంటనే రూపాయలు చేయించాను. 64.70కి కొన్న డాలరు 62.10కి తీసుకున్నారు. రెండొందలకి 520 రూపాయలు తక్కువ.

అమ్మకి చెప్పాను. కాసేపు లెక్క వేసుకుంది.

"అన్నాళ్లు వాడి దగ్గరున్నాయి కదా మన డబ్బులు. వడ్డీ ఏదిరా?"